వియ్యంకుడికి కత్తి

శనివారం పొద్దున్న ద్వారకానాథ్ వేసుకున్న పథకం చాలా మామూలుది. కాఫీ తాగి, ఫిష్విక్ బజారు దాకా వెళ్లి, అడవిపందిని పొడిచే కత్తి ఒకటి కొని, వచ్చే దారిలో కొత్తిమీర కట్ట తేవాలి.

ద్వారకానాథ్‌ది కాకినాడ. కాన్‌బెరా వచ్చి పాతికేళ్లు దాటింది. హారిసన్‌లో సొంత ఇల్లు, వంతెనలు కట్టే ఇంజినీరు ఉద్యోగం, తెలుగు సంఘంలో మంచివాడన్న పేరు. బుద్ధెరిగాక కోడిగుడ్డు ముట్టి ఎరగడు. స్నానాలగదిలో సాలీడు కనిపిస్తే భార్యను పిలిచి, ఆవిడ దాన్ని కాగితం మీద ఎక్కించి తోటలో వదిలి వచ్చేదాకా గుమ్మం బయటే నిలబడతాడు. అటువంటి మనిషికి వేటకత్తితో పనిపడడానికి కారణం వాళ్లమ్మాయి అపూర్వ.

అపూర్వ పశువుల డాక్టరు. బూరోవా దగ్గర గొర్రెలకు వైద్యం చేస్తూ చేస్తూ, ఆ గొర్రెల యజమాని కొడుకు హామిష్‌ని పెళ్లి చేసుకుంటానంది. ఆ మాట విన్నాక ద్వారకానాథ్ కొన్నాళ్లపాటు కూతురితో ఎండావానల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆ తర్వాత కుర్రాణ్ని చూశాడు. నచ్చాడు. మూతి ముడుచుకున్న రోజులు తలుచుకుని సిగ్గుపడ్డాడు. ఇక మిగిలింది కుర్రాడి తండ్రి రాస్. భార్య పోయినప్పటినుంచీ ఆయన మనుషులతో మాటలు బాగా తగ్గించేశాడట. పెళ్లి సంగతి చెబితే "ఊఁ" అన్నాడట. ఆ "ఊఁ" సరేననో, సరేలే చూద్దామనో కన్నకొడుక్కే అంతు పట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంటికి మొదటిసారి భోజనానికి వెళ్లాలి.

"ఆయనకి ఏదంటే ఇష్టం తల్లీ?" అని ద్వారకానాథ్ ఫోన్‌లో అడిగాడు.

"పిగ్ హంటింగ్, నాన్నా. దట్స్ ఇట్," అంది అపూర్వ. "అక్కడ ఒక హ్యూజ్ మగపంది ఉంది. రాస్ దానికి సెనేటర్ అని పేరు పెట్టాడు. గొర్రెలు మేసే ప్యాడక్ అంతా తవ్వేస్తాడు, గొర్రెపిల్లల్ని కూడా తినేస్తాడు. నోబడీ కెన్ క్యాచ్ హిమ్."

భార్య లలితకుమారి ఈ కత్తి ఆలోచన విని గరిటె కింద పెట్టేసింది. ఆవిడ పుట్టిల్లు విశాఖపట్నం.

"ఏవండీ, మా ఇలవేల్పు సింహాద్రి అప్పన్న. సాక్షాత్తూ వరాహ నరసింహస్వామి. ఆయన్ని పొడవడానికి మీరు దగ్గరుండి కత్తి కొనిస్తారా?"

"ఆయన వేరు, వీడు వేరు. వీడు గొర్రెపిల్లల్ని తింటున్నాడు."

"శుభమా అని మొదటిసారి వెళ్తూ, పోనీ శాలువా ఒకటి కప్పి రావచ్చుగా?"

"పందుల వెనకాల శాలువా కప్పుకుని పరిగెడతాడా ఆయన?"

లలితకుమారి గరిటె మళ్లీ చేతిలోకి తీసుకుంది. కొత్తిమీర లేతగా చూసి తెమ్మని చెప్పి పంపించింది.

వేట సామాన్ల దుకాణంలో రెండు జడల అమ్మాయి ఒకతె ఎదురొచ్చింది. "పందులకేనా? పొడవడానికా, తోలు తీయడానికా?" అని, చీరల దుకాణంలో పట్టా నేతా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"పొడవడానికే," అన్నాడు ద్వారకానాథ్ నెమ్మదిగా, అటూ ఇటూ చూసుకుని.

ఆ అమ్మాయి అద్దాల బల్ల మీద గుడ్డ పరిచి కత్తులు పేర్చింది. మొదట్లో ద్వారకానాథ్ చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడ్డాడు. కానీ కాసేపటికి ఆయనలోని ఇంజినీరు నిద్రలేచాడు. పుర్రెబొమ్మ చెక్కిన వంకర కత్తిని పక్కకి నెట్టేసి, "ఇది గోడకి తగిలించుకోవడానికి తప్ప పనికిరాదు," అన్నాడు. సన్నటిదాన్ని వేళ్ల మధ్య వంచి చూసి, "ఎముక తగిలితే ఇది నిలవదు," అన్నాడు. "చెయ్యి తడిసి జారితే వేళ్లు తెగుతాయి కదా, పిడికీ అలుగుకీ మధ్య అడ్డు ఉన్నది ఏదీ?" అని అడిగాడు. వంతెన దూలాన్ని పరీక్షించినంత శ్రద్ధగా చూసి, చివరికి ఒకదాన్ని ఎంచాడు. మరీ పొడవు కాదు. తిన్నని అలుగు, మొన దగ్గర రెండు వైపులా పదును, తుప్పు పట్టని ఉక్కు, జారని రబ్బరు పిడి. గడ్డిలో పడితే వెతుక్కోనక్కర్లేకుండా ఆ పిడికి నారింజరంగు.

"ఇన్ని ప్రశ్నలు వేసేవాళ్లు తక్కువ. చాలా ఏళ్లుగా వేటాడుతున్నారా?" అంది ఆ అమ్మాయి.

ద్వారకానాథ్ కాదనలేదు, అవుననలేదు. చాలా ఏళ్ల తర్వాత తన ఛాతీ కొంచెం ముందుకు రావడం మాత్రం గమనించాడు.

పోటు ఎక్కడ పడాలో ఆమె కుక్కల తిండి బస్తా ఒకటి నిలబెట్టి చూపించింది. ద్వారకానాథ్ ఒర తియ్యకుండానే బస్తాని ఒకటికి రెండుసార్లు పొడిచి చూశాడు. అప్పుడే లలితకుమారి ఫోన్ చేసింది. ఆయన బస్తా మీద చెయ్యి ఆనించి తీరిగ్గా మాట్లాడాడు.

"ఆఁ, దొరికింది... లేదే, పెద్దదేం కాదు, కోటు చాటున ఇమిడిపోతుంది... వాడా? బాగా బలిసినవాడటలే. అయినా చంక వెనకనుంచి గుండెలోకి దిగితే ఒక్క పోటు చాలట. ఎక్కువ బాధ పడకుండా పోతాడట... రేపు భోజనాలకి ముందే ఇచ్చేస్తాను, తిన్నాకైతే బాగుండదు... అపూర్వకి మాత్రం చెప్పకు. అక్కడే చూసి ఆశ్చర్యపోతుంది... కొత్తిమీర మర్చిపోలేదులే."

ఆయన మాట్లాడింది తెలుగు కాబట్టి దుకాణంలో ఎవరికీ అర్థం కాలేదు, ఒక్కరికి తప్ప. గుడారాల వరసకి అవతల, పొయ్యి కోసం గ్యాస్ డబ్బాలు ఏరుకుంటూ వీరవెంకటసత్యనారాయణ గారు ఉన్నారు. ఆయన తెలుగు సంఘం అధ్యక్షుడు, దంతవైద్యుడు. పదిమంది నోళ్లు తెరిపించడం ఆయన వృత్తి. తన నోరు మూయకపోవడం ప్రవృత్తి. అపూర్వ తెల్లబ్బాయిని చేసుకుంటోందనీ, ద్వారకానాథ్ కొన్నాళ్లు ముఖం మాడ్చుకు తిరిగాడనీ, ఆదివారం వియ్యాలవారింట భోజనమనీ ఆయనకు ముందే తెలుసు. గుడారం చాటునుంచి తొంగి చూశారు. ద్వారకానాథ్ చేతిలో కత్తి. ముఖంలో చిరునవ్వు.

ఆ తర్వాత ఏం జరిగిందో ద్వారకానాథ్‌కి మర్నాటిదాకా తెలియదు. సత్యనారాయణ గారు కారెక్కకముందే భార్య శేషుకుమారికి ఫోన్ చేశారు. శేషుకుమారి కిరణ్మయికి చేసింది. కిరణ్మయి భర్త ఉపేంద్ర సంఘం కార్యదర్శి. అతని చెవిన పడేసరికి కత్తి కాస్తా కొడవలి అయింది, వియ్యంకుడి ప్రాణం ఆదివారం మధ్యాహ్నానికి ముహూర్తం పెట్టినట్టయింది.

"పోలీసులకి చెబ్దామండీ," అన్నాడు ఉపేంద్ర.

"పోలీసులొస్తే పిల్ల పెళ్లి ఆగిపోతుందయ్యా," అన్నారు సత్యనారాయణ గారు. "మన మనిషి, మనమే నచ్చచెప్పుకోవాలి. మొహమ్మీద అడిగామనుకో, ఇంకా మొండికేస్తాడు. ముందు మెత్తగా కదిపి చూడండి."

అందుకని సాయంత్రం ఉపేంద్ర దంపతులు మైసూర్‌పాక్ పట్టుకుని హారిసన్ వచ్చారు. వాళ్లు ఎందుకొచ్చారో తెలియక ద్వారకానాథ్ టీ పెట్టించాడు.

"ఈ దేశంలో పిల్లలు మన చేతుల్లో ఉండరు ద్వారకానాథ్ గారూ," అని ఉపేంద్ర మొదలుపెట్టాడు. "ఎంత కష్టమైనా మనమే సర్దుకోవాలి."

"సర్దుకునేదేముందండీ? అన్నీ సర్దేశాను. డిక్కీలో పెట్టేశాను కూడా."

కిరణ్మయి టీకప్పు బల్ల మీద పెట్టేసింది. "రేపు... వెళ్లక తప్పదంటారా?"

"అయ్యో, ఎలా తప్పుతుందండీ? ఎప్పటికైనా ఆయన్ని ఎదుర్కోవలసిందే. ఒక్కసారి ధైర్యం చేసి ఇచ్చేస్తే నా మనసు కూడా కుదుటపడుతుంది," అన్నాడు ద్వారకానాథ్ నిజాయితీగా.

వాళ్లు మైసూర్‌పాక్ డబ్బా మూత తియ్యకుండానే వెళ్లిపోయారు. కాసేపటికి సంఘం పూజలు చేయించే దీక్షిత్ గారు ఫోన్ చేసి, కోపం తగ్గడానికి ఏ స్తోత్రం చదివితే మంచిదో చెప్పసాగారు. తనకి కోపం దేనికో అర్థంకాకపోయినా, పురోహితుడు దొరికాడు కదా అని ద్వారకానాథ్ మనసులో పీకుతున్న అనుమానం కాస్తా అడిగేశాడు.

"దీక్షిత్ గారూ, వియ్యంకుడికి ఇనుము ఇవ్వకూడదంటారు కదా. దోషం లేకుండా కత్తి ఎలా ఇవ్వాలంటారు?"

"ఎలా ఇచ్చినా దోషమే నాయనా," అన్నారు దీక్షిత్ గారు గాభరాగా. "మహాదోషం!"

ఆదివారం పొద్దున్న యాస్ ఊరు దాటాక లలితకుమారి వెనక్కి తిరిగి చూసింది. "ఆ వెనకాల వచ్చేది సత్యనారాయణ గారి కారులా లేదూ? దాని వెనకాల ఉపేంద్ర వాళ్లది, ఆ వెనక దీక్షిత్ గారిది."

"వనభోజనాలకి జాగా చూసుకోవడానికి వెళ్తున్నారేమో," అన్నాడు ద్వారకానాథ్. ఆయన బుర్రలో ఉన్నది ఒక్కటే, రాస్‌తో మొదట ఏం మాట్లాడాలా అని. గొర్రెల గురించి తనకేమీ తెలియదు. వంతెనల గురించి ఆయనకి అక్కర్లేదు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, డిక్కీలో ఒక అట్టపెట్టె.

రాస్ ఇంటి ముందు వసారాలో నిలబడి ఉన్నాడు. గుమ్మమంత మనిషి, ఎర్రటి మెడ, చేతిలో టోపీ. పక్కన హామిష్, అపూర్వ బిక్కుబిక్కుమంటున్నారు. ద్వారకానాథ్ నమస్కారం పెట్టబోయి, చెయ్యి చాచబోయి, రెండూ కుదరక పెట్టె అందించేశాడు. రాస్ పెట్టె తెరిచాడు. కత్తి బయటికి తీశాడు. ఎండలో అలుగు తిప్పి చూశాడు. బొటనవేలితో మొన దగ్గర తడిమాడు. లలితకుమారి మనసులో అప్పన్నకి దణ్ణం పెట్టుకుంది.

"ఇది ఎవరు ఎంచారు?" అన్నాడు రాస్.

"నేనే," అన్నాడు ద్వారకానాథ్.

"నా పుట్టినరోజులకి అందరూ కత్తులే ఇస్తారు. అన్నీ బొమ్మలు చెక్కినవి. జామపండు కూడా కొయ్యవు. ఇదీ కత్తంటే!" అన్నాడు రాస్. హామిష్ తండ్రి వైపు నోరు తెరుచుకుని చూశాడు. అంత పొడుగు మాట ఆయన నోట విని చాలాకాలమైంది. "మరి నువ్వెలా పట్టుకుంటావు, మేట్? చూపించు."

ద్వారకానాథ్‌కి వెనక్కి తగ్గే దారి లేదు. కత్తి తీసుకుని, దుకాణంలో నేర్చుకున్నట్టు పిడికిలి బిగించాడు. రాస్‌కి హుషారొచ్చింది. "అలా నిలబడితే కుదరదు. పంది ఇలా వస్తుంది," అని ఆయన వసారా దిగి, గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆనించి, తల వంచి గుర్రుమన్నాడు. ద్వారకానాథ్ ఒక కాలు ముందుకు వేసి, ఆయన మీదకి వంగి, చంక వెనక్కి గురిపెట్టి చెయ్యి పైకెత్తాడు.

సరిగ్గా అదే క్షణాన సంఘం కార్లు మూడూ గేటు దాటి మిట్టెక్కాయి. మిట్టమీదనుంచి వాళ్లకి కనిపించింది ఒక్కటే: వియ్యంకుడు మోకాళ్ల మీద పడి ప్రాణభిక్ష అడుగుతున్నాడు, ద్వారకానాథ్ కత్తి ఎత్తాడు.

"ఆగండి! ఆగండీ!" సత్యనారాయణ గారు హారన్ మీద చెయ్యి తియ్యకుండా కారుని పల్లంలోకి ఉరికించారు. దారి పక్కన నీటికుంట, దాని చుట్టూ నిలువెత్తు రెల్లు. ఒక కారు కుంటకి ఇటు, ఒకటి అటు, మూడోది బురదలో. ఆపిన కార్లలోంచి అందరూ దూకి, రెల్లు చీల్చుకుంటూ అడ్డదారిన పరుగు తీశారు. ఉపేంద్ర గొడుగు తిప్పుతున్నాడు. దీక్షిత్ గారు పంచె ఎగ్గట్టి శాంతిమంత్రం అరుస్తున్నారు. కిరణ్మయి ఒళ్లో పులిహోర గిన్నె పెట్టుకుని వచ్చిందేమో, మూత ఒక చేతిలో, గరిటె ఒక చేతిలో ఉండిపోయాయి. ద్వారకానాథ్‌కి వినపడాలని మూతమీద గరిటెతో దడదడా వాయించింది.

వినపడవలసినవాడికి కాక ఇంకొకడికి వినపడింది. రెల్లు మధ్య చల్లటి బురదలో సెనేటర్ పడుకుని ఉన్నాడు.

ముందు రెల్లు కదిలింది. తర్వాత చిన్న ఎడ్లబండంత నల్లటి ఒళ్లు లేచింది. దానికి సరిగ్గా ఎదురుగా సత్యనారాయణ గారు. ఈ పక్క ఓ జానెడు కోర, ఆ పక్క ఓ జానెడు కోర. తెరిచి ఉన్న నోటి ముందు ఆయనకి మాట పెగలకపోవడం అదే మొదటిసారి. అంతలో ఎక్కడినుంచో ఊపిరి కూడగట్టుకుని, "శేషూ!" అని భార్యని పిలుస్తూ కుంట దద్దరిల్లేలా కేక పెట్టారు. సెనేటర్ బెదిరి పక్కకి తిరిగాడు. అక్కడ గొడుగు. ఇటు తిరిగాడు. ఇటు గిన్నెమూత. వెనక మంత్రాలు. మిగిలిన ఒకే ఒక్క సందులోకి గుడ్డిగా దూసుకుపోయాడు. ఆ సందు చివర ఇనుప వలతో రాస్ కట్టిన బోను ఉంది. అందులో ధాన్యం పోసి రాస్ నెలల తరబడి ఎదురుచూస్తున్నాడు. సెనేటర్ రోజూ దాని చుట్టూ తిరిగి వెళ్లేవాడే కాని లోపలికి కాలు పెట్టలేదు. ఇవాళ తలుపు వాడి వెనకే ధనామని పడింది.

బోనులో సెనేటర్ వల కుమ్ముతున్నాడు. లలితకుమారి చెంపలు వేసుకుంది.

రాస్ మోకాళ్ల మీదనుంచి నెమ్మదిగా లేచాడు. బోను వైపు చూశాడు. బురదలో మోకాలిదాకా కూరుకున్న పట్టుచీరల వైపు చూశాడు. ఆయాసపడుతూ వచ్చి నిలబడ్డ దంతవైద్యుణ్ని అడిగిన మొదటి మాట, "గేటు మూశారా?"

సత్యనారాయణ గారు అది పట్టించుకునే స్థితిలో లేరు. ద్వారకానాథ్ చెయ్యి పట్టుకుని, "వద్దండీ, మీకు దణ్ణం పెడతాను. పిల్ల మొహం చూసైనా ఆయన్ని పొడవకండి!" అన్నారు.

ద్వారకానాథ్ తన చేతిలో కత్తి చూసుకున్నాడు. ఉపేంద్రని చూశాడు. మైసూర్‌పాక్, స్తోత్రాలు, యాస్ నుంచి వెంటపడ్డ కార్లు అన్నీ ఒక్కసారిగా వరస కట్టి అర్థమయ్యాయి. తెలుగు అర్థమైన అపూర్వ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వుతోంది. తెలుగు రాని రాస్ మాత్రం ద్వారకానాథ్ ముఖంలోకే చూస్తున్నాడు.

"వీళ్లంతా... నీ జనమా?" అన్నాడు.

"అవును."

"సెనేటర్ని తరమడానికి తీసుకొచ్చావా? అన్ని పక్కలనుంచీ చుట్టుముట్టి?"

ద్వారకానాథ్ జీవితంలో అబద్ధాలు తక్కువ. కానీ పాతికేళ్లుగా వంతెనలు కడుతున్నవాడికి, ఇదిగో ఈ చివరి రాయి పెడితే వంతెన నిలుస్తుందని తెలుసు. "మా వైపు ఇది గుంపుగా చేసే పని," అన్నాడు గంభీరంగా. తర్వాత పెదాల మీద నవ్వు చెదరనివ్వకుండా తెలుగులో, "అందరూ నవ్వండి. మనం పందిని పట్టడానికే వచ్చాం. ఇంకెవరైనా నోరు జారారో, ఈసారి నిజంగానే పొడుస్తాను," అన్నాడు.

అందరూ నవ్వారు. దీక్షిత్ గారు కొంచెం ఎక్కువగానే నవ్వారు.

రాస్ టోపీ నేలకేసి కొట్టాడు. "కుక్కలతో వచ్చారు, తుపాకులతో వచ్చారు. ఎవడివల్లా కాలేదు. ఈ మనిషి గిన్నెమూతతో పట్టించాడు!" అని ద్వారకానాథ్‌ని ఎత్తి పట్టుకుని గిరగిరా తిప్పాడు. ద్వారకానాథ్ కత్తి ఉన్న చేతిని జాగ్రత్తగా దూరంగా చాచి పెట్టుకుని, గాల్లోనే చాలా హుందాగా ఉండడానికి ప్రయత్నించాడు. కిందికి దిగాక అపూర్వ వచ్చి ఆయన మెడకి చుట్టుకుంది.

"యూ ఆర్ అన్‌బిలీవబుల్, నాన్నా," అంది. అని, ఆయన చొక్కా మీదే కళ్లు తుడుచుకుంది. ఎండావానల గురించి మాత్రమే మాట్లాడుకున్న ఆ రోజులు ఇక ఎవరూ తలుచుకోనక్కర్లేదని ద్వారకానాథ్‌కి అప్పుడు అనిపించింది.

భోజనాలకి లోపలికి వెళ్తే ఇంకో సంగతి బయటపడింది. హాలు గోడనిండా తెల్లటి మచ్చలున్నాయి. ఏళ్లుగా అక్కడ వేలాడిన పందికోరలన్నీ రాస్ పొద్దున్నే ఊడబెరికి షెడ్డులో దాచేశాడట. బల్ల మీద గుమ్మడికాయ కూర, మాడిన పప్పు. వీడియోలు చూసి, రాత్రి నిద్ర మానేసి మరీ వండాడట.

"మీరు మాంసం ముట్టనివాళ్లని అపూర్వ చెప్పింది," అన్నాడు రాస్ మెడ తడుముకుంటూ. "నేనేం చేస్తానో తెలిస్తే పిల్లనివ్వరేమోనని భయమేసింది. ఏం మాట్లాడాలో తెలియక ఊఁ అని ఊరుకున్నాను."

ద్వారకానాథ్ ఆ మాడిన పప్పు రెండోసారి వడ్డించుకున్నాడు. పులిహోర గిన్నెని రాస్ ఖాళీ చేశాడు. బోనులోని సెనేటర్ సంగతి మర్నాడు తుపాకీతో తాను చూసుకుంటానని, ఈ కత్తి మాత్రం పెళ్లికి నడుముకి కట్టుకుంటానని అన్నాడు. దోషమేమైనా ఉందా అని అందరూ దీక్షిత్ గారి వైపు చూశారు. ఆయన కత్తిని, రాస్ భుజాలని మార్చి మార్చి చూసి, శాస్త్రంలో అభ్యంతరమేమీ లేదని చెప్పారు.

ఆ వారం మధ్యలో రాస్ ఫోన్ చేశాడు. పక్క పొలం ఆయనకి ఇలాంటివే మూడున్నాయట, నీ జనాన్ని శనివారం తీసుకొస్తావా అని అడిగాడు.

శనివారం సంఘంలో సామూహిక వ్రతాలున్నాయని, ఆదివారమైతే అందరూ ఖాళీయేనని ద్వారకానాథ్ చెప్పాడు.